ఉండవల్లి ఏ ఊరి కింద లెక్క?

విజయవాడలో చూడాల్సిన ప్రదేశాలని ఎవరు జాబితా రాసినా కనకదుర్గ గుడి, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం తర్వాత ఉండవల్లి గుహలు తప్పకుండా ఉంటాయి. కానీ ఉండవల్లి విజయవాడలో లేదు. ఆ మాటకొస్తే విజయవాడ ఉన్న జిల్లాలోనే లేదు. బ్యారేజీ మీదుగా కృష్ణ దాటితే గుంటూరు జిల్లా వస్తుంది. సీతానగరం దగ్గర కుడికి తిరిగితే నాలుగు నిమిషాల్లో ఉండవల్లి సెంటర్.

ఇక వార్తలు చూసేవాళ్ల అయోమయం ఇంకో రకం. చంద్రబాబు నివాసం ఉండవల్లి కరకట్ట అంటారు. జగన్ నివాసం తాడేపల్లి అంటారు. రెండింటి మధ్యా పట్టుమని పది నిమిషాల దూరం లేదు, కానీ వార్త పైన మాత్రం "అమరావతి" అని ఉంటుంది. ఆ అమరావతి అమరేశ్వరుడి గుడి ఉన్న అమరావతి కాదు. ఆ గుడి ఊరు నది వెంట ఇంకా ఎగువన ఉంది, పైగా 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. ఇవన్నీ చాలవన్నట్టు తెలంగాణలో జోగులాంబ గద్వాల జిల్లాలో కూడా ఒక ఉండవల్లి ఉంది, ఏకంగా మండల కేంద్రం. మ్యాపులో పేరు కొట్టి అటు బయల్దేరకండి.

రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక ఈ ఊరి పేరు రోజూ వినబడుతోంది. పల్లెటూరా, సిటీనా, రాజధానా? మూడింటికీ అవునని చెప్పొచ్చు. ఒకే నేల మీద వేరువేరు కాలాల్లో, వేరువేరు పనుల కోసం గీసిన గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏ గీత ఎందుకు గీశారో తెలిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

నది ఎప్పుడూ సరిహద్దు కాదు

కృష్ణకు అటు ఒక జిల్లా, ఇటు ఒక జిల్లా అనేది ఆదినుంచీ ఉన్న ఏర్పాటు అనుకుంటాం. కాదు. 1766లో నిజాం ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చినప్పుడు నదికి ఉత్తరాన ఉన్న కొండపల్లి సర్కారు కంపెనీ చేతికి వెళ్లింది. దక్షిణాన ఉన్న గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు కాబట్టి ఆగింది. ఆయన 1782లో చనిపోయినా అది కంపెనీకి దక్కింది 1788లో. అంటే 22 ఏళ్ల పాటు ఇక్కడ నది రెండు ప్రభుత్వాల మధ్య హద్దు.

తర్వాత కథ తిరగబడింది. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు. బెజవాడ, ఉండవల్లి రెండూ ఒకే కలెక్టరు కింద! 1904లో గుంటూరును మళ్లీ వేరు చేసేదాకా, అంటే 45 ఏళ్లు, నది జిల్లా మధ్యలోంచి పారింది తప్ప హద్దుగా లేదు. ఈ లోపే, 1893లో, కృష్ణ మీద రైలు వంతెన కూడా వచ్చేసింది. 1904 తర్వాత నది మళ్లీ హద్దయింది, నేటికీ అంతే. 2022 ఏప్రిల్ 4న అవతలి ఒడ్డుకు కృష్ణా పేరు పోయి ఎన్టీఆర్ జిల్లా అని వచ్చింది. ఇవతలి ఒడ్డు గుంటూరు జిల్లాగానే మిగిలింది.

జనం మాత్రం ఈ గీతను పెద్దగా పట్టించుకోలేదు. కలెక్టరాఫీసు పనికి గుంటూరు, బట్టలకి బీసెంట్ రోడ్డు, సినిమాకి గాంధీనగర్. ఇదివరకు బండి నంబరు చూసైనా తేడా తెలిసేది: ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 16 అంటే కృష్ణా. 2019లో అందరికీ ఏపీ 39 ఇచ్చాక ఆ గుర్తు కూడా పోయింది.

కొండను తొలిచినవాళ్లు ఎవరు?

గుహల గురించి రెండు విషయాల్లో గందరగోళం ఉంది. ఒకటి చరిత్ర, రెండోది చట్టం.

చరిత్ర ముందు. ఇది కొండనే తొలిచి చేసిన నాలుగు అంతస్తుల కట్టడం, లోపల పడుకున్న భంగిమలో అనంతపద్మనాభస్వామి భారీ విగ్రహం. 4, 5 శతాబ్దాల కాలపు పని అని, విష్ణుకుండినుల నాటిదని సాధారణంగా రాస్తారు. అయితే విగ్రహం వైష్ణవం కాబట్టి గుహ కూడా మొదట్నుంచీ వైష్ణవమే అనలేం. కింది భాగం తీరు చూసి ఇది మొదట బౌద్ధ భిక్షువుల విహారమని కొందరంటారు. ఒడిశాలోని ఉదయగిరి, ఖండగిరి గుహలతో పోలిక చూపి మొదట జైనులదని మరికొందరంటారు. నాకు రెండో వాదన కన్నా మొదటిదే కాస్త సహజంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఎగువన అమరావతి స్తూపం ఉన్న లోయ ఇది. కానీ పోలికల మీద నడిచే వాదనల్లో చివరి మాట ఉండదు. ఒకరు మొదలుపెట్టి వదిలేసిన చోట మరొకరు ఉలి పట్టారన్నంత వరకు ఎవరికీ పేచీ లేదు.

ఇలాంటి గుహలు అవతలి ఒడ్డున కూడా ఉన్నాయి: మొగల్రాజపురంలో, ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహల్లో. శిల్పులకు నది అడ్డం కాలేదన్నమాట. (ఉండవల్లి నుంచి మంగళగిరికీ కొండవీడుకూ సొరంగం ఉందనే కథ మీరు వినే ఉంటారు. మన వైపు సొరంగం కథ లేని కొండ ఉంటే చెప్పండి.)

ఇక చట్టం. గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే గుహల హద్దుకు 80 మీటర్ల దూరంలో మీకు ఖాళీ స్థలం ఉంటే అందులో కొత్త ఇల్లు కట్టడానికి లేదు. 250 మీటర్ల దూరంలో ఉంటే కట్టొచ్చు, కానీ ముందు అనుమతి తెచ్చుకోవాలి. 350 మీటర్ల దూరంలో ఉంటే ఈ చట్టంతో పని లేదు. కాగితం మీద కనపడని గీత ఇది. స్థలం కొన్నాక గానీ చాలామందికి తెలీదు.

బ్యారేజీ పక్కనే ఉన్నా కాలువ నీళ్లు రాని ఊరు

కృష్ణ ఇక్కడ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఇరుకవుతుంది. ఆనకట్టకు ఈ చోటు ఎంచుకోవడానికి అదే కారణం. కాటన్ సలహాతో 1852లో మొదలైన ఆనకట్ట పని 1855కి పూర్తయింది. దాదాపు వందేళ్లు నిలబడి 1952లో గండి పడింది. దాని స్థానంలో కట్టిందే ఇప్పటి బ్యారేజీ. 1957లో పూర్తయింది, అదే ఏడాది కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు.

బ్యారేజీ అంటే నాగార్జునసాగర్ లాంటి డ్యామ్ కాదు. నీళ్లు దాచడం దాని పని కాదు, నది మట్టాన్ని కాస్త పైకి ఎత్తి పట్టి రెండు వైపులా కాలువల్లోకి మళ్లించడం పని. సాగర్‌లో 300 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పైన పడితే ఇక్కడ 12 అడుగుల మట్టం దగ్గర నిలిచేది 3.07 టీఎంసీలు. విజయవాడ వైపు తూర్పు కాలువ, సీతానగరం వైపు పడమటి కాలువ బయల్దేరి డెల్టాను తడుపుతాయి.

ఉండవల్లి బ్యారేజీకి ఎగువన ఉంది. కాలువ బయల్దేరేది ఊరి పక్కనుంచే, పారేది దుగ్గిరాల వైపు. నీరు పల్లమెరుగు కదా! ఎగువనున్న పొలాలకు ఆ కాలువతో పని జరగదు. మరి ఈ ఊరి మాగాణికి అంత పేరెలా వచ్చింది? బ్యారేజీ వెనక నిలిచిన నీటి వల్ల, నది పక్కనే ఉండటం వల్ల భూమిలో నీళ్లు పైనే అందుతాయి. బోరు వేస్తే చాలు, మూడు కార్లూ పండుతుంది. మల్లె, లిల్లీ, కూరగాయలు, అరటి ఇక్కడి పంటలు. తెల్లారేసరికి బ్యారేజీ దాటించి బెజవాడ మార్కెట్లో దించొచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, భూసమీకరణ లెక్కలో మళ్లీ వస్తుంది.

ఇదే బ్యారేజీ ఊరికి ఒక తలనొప్పి కూడా తెచ్చింది, కొండవీటి వాగు. కొండవీడు కొండల్లో పుట్టి, నీరుకొండ మీదుగా ఇప్పటి రాజధాని ప్రాంతమంతా తిరిగి, ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నదిలో మట్టం తక్కువుంటే వాగు తనంతట తాను దిగిపోతుంది. వరదొచ్చి నది మట్టం వాగు కన్నా పైకి లేస్తే? నిండిన తొట్టిలోకి సన్న గొట్టంతో నీళ్లు వదిలినట్టే, నది నీరు వెనక్కి తంతుంది, వాగు పొలాల మీద పడుతుంది.

దీనికోసం ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం కట్టి 2018 సెప్టెంబరులో ప్రారంభించారు. నదికి తలుపులు మూసి, వాగు నీటిని 5,000 క్యూసెక్కుల దాకా (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) మోటార్లతో ఎత్తి నదిలో పోస్తుంది. ఇంత నీరు కలిపితే నది ఇంకా పెరగదా అని కొందరి అనుమానం. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర నమోదైన రికార్డు వరద 11.43 లక్షల క్యూసెక్కులు. అందులో 5,000 అంటే 228వ వంతు. నదికి అది లెక్కలోది కాదు. వాగు పక్క పొలానికి మాత్రం అదే సర్వస్వం: 5,000 క్యూసెక్కులు ఒక రోజంతా ఎత్తితే 0.43 టీఎంసీ, పదివేల ఎకరాల్లో సుమారు ఒక అడుగు లోతు నిలిచే నీరు.

ఒక ఊరికి ఎన్ని పేర్లు: గ్రామం, వార్డు, రాజధాని

ఇక్కడ మాటలు విడివిడిగా చూడాలి.

రెవెన్యూ గ్రామం అంటే భూమి లెక్కల కోసం ఉన్న హద్దు. సర్వే నంబర్లు దాని పేరు మీదే ఉంటాయి. ఊరు పంచాయతీ అయినా, కార్పొరేషన్లో కలిసినా ఇది మారదు. అందుకే కార్పొరేషన్లో ఉన్న స్థలం దస్తావేజులో కూడా "ఉండవల్లి గ్రామం" అనే రాస్తారు. అది చూసి ఇంకా పంచాయతీ అనుకోవడం పొరపాటు.

పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అనేవి పాలన హద్దులు. 2021 మార్చిలో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలనూ చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ చేశారు. ఉండవల్లి, పెనుమాక అందులో ఉన్నాయి. సర్పంచి పోయారు, ఇంటిపన్ను కార్పొరేషన్‌కి కట్టాలి. జనం తొందరగా గమనించని మార్పు ఒకటుంది: గ్రామీణ ఉపాధి హామీ పనులు పేరులో ఉన్నట్టే గ్రామాలకే. ఊరు పట్టణమైన మర్నాటి నుంచి కూలీల జీవితం పట్టణ జీవితం అయిపోదు గానీ, ఆ పథకం మాత్రం వాళ్లకి వర్తించదు.

సీఆర్‌డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అనేది ప్రణాళిక హద్దు. 2014 డిసెంబరు చివర్లో వచ్చిన చట్టంతో ఏర్పడింది. దాని పరిధి చాలా పెద్దది, విజయవాడ, గుంటూరు కూడా అందులోవే. ఆ పెద్ద పరిధి లోపల 217 చదరపు కిలోమీటర్లను రాజధాని నగరం అన్నారు. 29 గ్రామాలు అని మనం వినేది దీని గురించే. ఎక్కువ ఊళ్లు తుళ్లూరు మండలంలోవి, తాడేపల్లి మండలం నుంచి ఉండవల్లి, పెనుమాక, తాడేపల్లిలో కొంత భాగం ఉన్నాయి. కాబట్టి వీధి దీపం వెలగకపోతే అడగాల్సింది కార్పొరేషన్‌ని. పొలం మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు కింద పడిందా, పార్కు కింద పడిందా అని అడగాల్సింది సీఆర్‌డీఏని. ఓటు మంగళగిరి నియోజకవర్గంలో. ముగ్గురూ నిజమే, ఎవరి గీత వాళ్లది.

తుళ్లూరు ఇచ్చింది, ఉండవల్లి ఎందుకు ఆగింది?

రాజధాని కథలో ఉండవల్లి, పెనుమాక పేర్లు వేరుగా వినబడటానికి కారణం భూసమీకరణ. దీన్ని భూసేకరణతో కలిపేస్తుంటారు. సేకరణ అంటే ప్రభుత్వం 2013 కేంద్ర చట్టం ప్రకారం పరిహారం ఇచ్చి భూమి తీసుకోవడం, యజమాని ఒప్పుకోకపోయినా సరే. సమీకరణ అంటే రైతు ఒప్పుకుని భూమి ఇస్తే, డబ్బుకి బదులు అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇవ్వడం. మొదటిదానికి ఖజానాలో డబ్బుండాలి, రెండోదానికి రైతుకి నమ్మకం ఉండాలి.

2015 నాటి సమీకరణ నిబంధనల్లో భూములు రెండు రకాలు. మెట్ట అంటే వాన మీద ఆధారపడేది. జరీబు అంటే నది పక్కన, భూగర్భజలం పుష్కలంగా ఉండి ఏడాది పొడుగునా పండేది. ఎకరం మెట్టకు 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు. ఎకరం జరీబుకు 1,000, 450. దాంతోపాటు పదేళ్లు ప్రభుత్వం కట్టే కౌలు: మెట్టకు మొదటి ఏడాది 30 వేలు, ఏటా 3 వేలు పెంపు, జరీబుకు 50 వేలు, ఏటా 5 వేలు పెంపు. భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను.

ఎకరం అంటే 4,840 గజాలు. జరీబు రైతుకి తిరిగొచ్చేది 1,450 గజాలు, అంటే 30 శాతం. మిగతాది రోడ్లకీ, పార్కులకీ, ప్రభుత్వ వాటాకీ. కౌలు పదేళ్లకు కలిపితే 7 లక్షల 25 వేలు.

ఇప్పుడు ఇద్దరు రైతులను ఊహించుకుందాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. లోపలి పల్లెలో మెట్ట రైతు పొలం బయట అమ్మితే ఎకరం 20 లక్షలు వస్తుందనుకోండి. అతనికొచ్చే 1,250 గజాల ప్లాట్లు గజం 1,600 పలికితే చాలు, నష్టం లేదు. నగరం వస్తుందంటే ఆ ధర పెద్ద ఆశేమీ కాదు. రెండో రైతు ఉండవల్లిలో, బ్యారేజీకి కూతవేటు దూరంలో. విజయవాడ పక్కనే కాబట్టి అతని ఎకరం అప్పటికే 4 కోట్లు పలుకుతోందనుకుందాం. కౌలు పక్కనపెడితే 1,450 గజాలు గజం 27,600 దాకా అమ్ముడుపోతే గానీ చేతిలో ఉన్నదానికి సమానం కాదు. పైగా అతను ఈలోపు రోజూ పూలు కోసి మార్కెట్‌కి పంపే ఆదాయం వదులుకోవాలి. ఏడాదికి 50 వేల కౌలు దాని ముందు ఏపాటి?

కాబట్టి ఒకే పథకం ఒక రైతుకి లాటరీ టికెట్టు, ఇంకో రైతుకి ఉన్నది పెట్టి ఆడే పందెం. 2015 మొదటి నెలల్లోనే 33 వేల ఎకరాల దాకా సమీకరణకు రాగా ఈ రెండు ఊళ్లలో చాలామంది వెనక్కి తగ్గడంలో రాజకీయం లేదనను, కానీ ఈ లెక్క లేకుండా ఆ రాజకీయం నిలబడేది కాదు.

అవతలి వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పొలం ధర పెరిగిందే రాజధాని ప్రకటన వల్ల, ఆ లాభం తీసుకుంటూ దారి ఇవ్వననడం న్యాయమా అని ఇచ్చిన రైతులు అడుగుతారు. వాళ్ల బాధ నిజం. రాజధానికి ప్రధాన దారిగా వేసి వెంకటపాలెం దాకా వచ్చిన సీడ్ యాక్సెస్ రోడ్డు ఉండవల్లి వైపు ఏళ్ల తరబడి ఆగింది, సచివాలయానికి వెళ్లే బళ్లన్నీ ఇరుకు కరకట్ట రోడ్డే ఎక్కాయి. మరోవైపు 2019 నుంచి అయిదేళ్లు రాజధాని పనులు ఆగిపోయి, ప్లాట్లు కాగితాల మీదే ఉండిపోవడం చూసి, మేం ఇవ్వకపోవడమే మంచిదయిందని ఇవ్వనివాళ్లు అన్నారు. 2022 మార్చి 3న అమరావతికి అనుకూలంగా వచ్చిన హైకోర్టు తీర్పు, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనుల పునఃప్రారంభం తర్వాత ఇచ్చినవాళ్లకి మళ్లీ ఊపిరొచ్చింది. కౌలు రైతు మాత్రం రెండు వాదనల్లోనూ కనబడడు. ప్లాటు వచ్చేది పట్టాదారుకే.

రైతు ఒప్పుకోకపోతే మిగిలేది సేకరణ. అక్కడే "ఊరా, పట్టణమా" అన్న ప్రశ్న డబ్బు ప్రశ్న అవుతుంది. 2013 చట్టంలో మార్కెట్ విలువను ఒక గుణకంతో హెచ్చిస్తారు: పట్టణ ప్రాంతమైతే 1, గ్రామీణ ప్రాంతమైతే దూరాన్ని బట్టి 1 నుంచి 2 వరకు. వచ్చినదానికి అంతే మొత్తం సొలేషియంగా, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ముగా, కలుపుతారు. చట్టం లెక్కలో విలువ కోటి అనుకుంటే పట్టణంలో 2 కోట్లు, గుణకం 1.25 ఉన్న గ్రామంలో రెండున్నర కోట్లు. ఒక ఊరు కార్పొరేషన్లో కలిసిందా లేదా అన్నదాని మీద యాభై లక్షల తేడా! ఇంకో చిక్కు, ఈ "మార్కెట్ విలువ" రిజిస్ట్రేషన్ లెక్కల నుంచి వస్తుంది, బయట జనం చెప్పుకునే ధర నుంచి కాదు. అదే చట్టంలో, నీటి వసతి ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలన్న నియమం కూడా ఉంది. మూడు కార్లు పండే జరీబు రైతులు గట్టిగా పట్టుకునేది దాన్నే.

కరకట్టకు నది వైపు

మిగిలింది ఆఖరి గీత. కరకట్ట అంటే వరద ఊళ్లోకి రాకుండా నది వెంట పోసిన మట్టి కట్ట. దాని మీదే రోడ్డు. కట్టకు ఊరి వైపు ఉన్నది రక్షణలో ఉన్నట్టు, నది వైపు ఉన్నది నదిదేనన్నట్టు లెక్క. చిక్కేమిటంటే నది వైపు కూడా కొందరికి పట్టాలున్నాయి, తోటలున్నాయి, కాలక్రమంలో అతిథి గృహాలు లేచాయి. మా పట్టా భూమి, అనుమతులతోనే కట్టాం అని యజమానులంటారు. భూమి మీదైనా నది ప్రవాహానికి అడ్డం కట్టే హక్కు లేదు, దానికి 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం ఉంది అని అధికారులు నోటీసులిచ్చారు. 2019 జూన్‌లో కొత్త ప్రభుత్వం, ముందటి ప్రభుత్వం సమావేశాల కోసం ఇక్కడ కట్టిన ప్రజావేదికనే ఈ కారణం చెప్పి కూల్చేసింది. అది అక్రమ కట్టడం మీద చర్య అని కొందరు, కక్షతో ప్రజాధనం పాడుచేయడమని కొందరు. పక్కనున్న ప్రైవేటు భవనాలు అలాగే ఉన్నాయి కాబట్టి రెండు పక్షాలకీ మాట్లాడటానికి మిగిలింది.

నది తన పక్షం 2009 అక్టోబరులో ఒకసారి, 11.10 లక్షల క్యూసెక్కులతో చెప్పింది. 2024 సెప్టెంబరులో మళ్లీ చెప్పింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు గుద్దుకున్న ఆ రాత్రి, ఉండవల్లిలో జనం అడిగింది ఏ జిల్లా, ఏ కార్పొరేషన్ అని కాదు. కట్ట ఆగుతుందా అని.